కొత్తకోడలి పెట్టెలో పేలదువ్వెన

నేను ఒక పేలదువ్వెనను. ఈ మాట చదవగానే మీ చెయ్యి మీకు తెలియకుండానే తల మీదికి పోయి ఉంటుంది. పరవాలేదు, అందరికీ అలాగే జరుగుతుంది. మా జాతిలో మిగతా దువ్వెనలు అద్దం ముందు కూర్చుంటాయి, చొక్కా జేబుల్లో ఊరేగుతాయి. నన్ను మాత్రం అద్దం వెనక పెడతారు. చుట్టాలొస్తున్నారంటే పాత గుడ్డలో చుట్టి అటక మీదికి తోస్తారు. నాతో పని పడని ఇల్లు నేను చూడలేదు. నేను ఉన్నానని ఒప్పుకున్న ఇల్లూ చాలాకాలం చూడలేదు.

నేను పుట్టింది పర్లాకిమిడిలో, కొమ్ముపనివాళ్ళ వీధిలో. అంతకుముందు ఒక ముసలి గేదె తల మీద కొమ్మునై ఉండేదాన్నట. ఆ జన్మ నాకు గుర్తు లేదు. దండపాణి అనే పనివాడు నన్ను రంపంతో ముక్కగా కోసి, నూనె రాసి, నిప్పుల సెగ మీద మెల్లగా తిప్పి మెత్తబరిచాడు. రెండు చెక్కల మధ్య బిగించి చదును చేశాడు. వంకరగా పుట్టినదాన్ని తిన్నగా చేయాలంటే సెగ తగలక తప్పదు. తరువాత సన్న రంపం తీసుకుని రెండు వైపులా పళ్ళు కోశాడు. ఒక్కొక్క పన్ను కోసేటప్పుడూ ఊపిరి బిగబట్టేవాడు, అది పూర్తయ్యాకే వదిలేవాడు. చివరికి బూడిదతో రుద్ది నిగనిగలాడించాడు. పైకి నల్లగా కనిపిస్తాను గానీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నాలో తేనెరంగు కనిపిస్తుంది. ఈ సంగతి ఎక్కువమందికి తెలియదు. పేలదువ్వెనను వెలుతురుకు ఎత్తి చూసి ముచ్చటపడే తీరిక ఎవరికుంటుంది?

నన్ను కొన్నది పైడమ్మ. పాలకొండలో చిన్నపిల్లల బడిలో ఆయాగా పనిచేసేది. చుట్టాలింటికి పర్లాకిమిడి వచ్చి, నన్ను బొటనవేలి గోటి మీద గీసి చూసి, తల ఊపి, కొంగున కట్టుకుని తీసుకుపోయింది. ఆమెకు ఒక్కతే కూతురు, భానురేఖ. ఆ పిల్ల జుట్టు నడుము దాటేది. ఆదివారం ఎండ అరుగెక్కేసరికి తల్లి మోకాళ్ళ మధ్య పిల్ల, పిల్ల తల మీద నేను, ముందర పరిచిన తెల్లగుడ్డ.

"కదలకే. తలకాయా ఇది, సంతా?"

"నొప్పెడతందమ్మా!"

"నొప్పెట్టకపోతే అవెలా వస్తాయే? నీ పక్కన కూకునే పిల్ల ఎవర్తే, ముందది సెప్పు."

"ఎవర్తో ఎందుకు? నువ్వే తెస్తన్నావు, మీ బడి పిల్లల కాడినుంచి."

"ఓలమ్మ, నోరు సూడు దీనికి!" అని పైడమ్మ నాతోనే పిల్ల నెత్తిన ఒక్కటి తగిలించేది. ఇద్దరూ నవ్వేవారు. కొబ్బరినూనె వాసన, ఎండ, వీధిలో ఎవరో పిలిచే పిలుపు. పేలు పట్టడం అవమానం అని జనం అంటారు గానీ, పేలు తీయడంలో ఉన్న చనువు ఇంకెక్కడా ఉండదు. ఒకరి తలను ఇంకొకరు ఒళ్ళో పెట్టుకుని అంతసేపు ఓపికగా చూడడం మనుషులు రోజూ చేసే పని కాదు. ఆ అరుగు మీద నేను చాలా సంతోషంగా ఉండేదాన్ని.

పిల్ల పెద్దదై శ్రీకాకుళంలో డిగ్రీ చదివింది. పేలు పోయాయి, నాకు పనీ పోయింది. పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు శేషగిరిది సామర్లకోట, అక్కడి కాలేజీలో కెమిస్ట్రీ లాబ్ చూసుకునే ఉద్యోగం. పెట్టె సర్దేటప్పుడు పైడమ్మ నన్ను ఊదారంగు పట్టుచీర మడతలో దూర్చింది.

"ఇదెందుకమ్మా? ఎవరైనా చూస్తే నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. రేపు నీకు పిల్లలు పుట్టి బడికెళ్తే కావాలి. బజార్లో దొరికే ప్లాస్టిక్కు దువ్వెన్లు దేనికీ రావు."

తల్లి ముందుచూపు అలా ఉంటుంది. ఇంకా పుట్టని మనవడి తలలో ఇంకా పట్టని పేల కోసం నేను ప్రయాణం కట్టాను.

సామర్లకోట ఇంట్లో ఉండేది ముగ్గురు. భానురేఖ అత్తగారు మాణిక్యాంబ, ఆవిడ శేషు అని పిలిచే కొడుకు శేషగిరి, వాళ్ళ పిల్లి బెల్లం. అచ్చం బెల్లంరంగే. అది మాణిక్యాంబ పడకకుర్చీలోనూ, చాప మీదా, మడతపెట్టిన దుప్పట్ల మధ్యా, ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ పడుకునేది. నాపరాళ్ళ గచ్చు, పాతది. రాయికీ రాయికీ మధ్య సందులు. పెళ్ళికి అందరూ పాలకొండ వచ్చి, అటునుంచి అన్నవరంలో వ్రతం, చుట్టాల ఇళ్ళల్లో విందులు చూసుకుని తిరిగొచ్చేసరికి మూడు వారాలు పైనే గడిచాయి. అన్నాళ్ళూ ఇల్లు తాళం వేసి ఉంది. పిల్లికి పక్కింటివాళ్ళు పెరట్లో పాలు పోశారు.

వ్యానులోంచి మా పెట్టె దించి వీధి అరుగు మీద పెట్టారు. లోపలినుంచే అంతా విన్నాను. గుమ్మం ముందు మాణిక్యాంబ పెద్దాడపడుచు, ఆ ఊళ్ళోనే ఉండే సుబ్బాయమ్మ అడ్డం నిలబడింది.

"పేరు చెప్పందే లోపలికి రానివ్వం. ఎవరితో వచ్చావో చెప్పు ముందు!"

"శేషగిరిగారు, నేను వచ్చాం."

"వినబడలేదాయ్!"

"శేషగిరిగారూ నేనూ వచ్చాం!" అని భానురేఖ గట్టిగా అనేసరికి అందరూ గొల్లుమన్నారు. ఆమె గొంతులో సిగ్గూ సంతోషమూ కలిసి పొంగుతున్నాయి. హారతి తిప్పారు. తలుపు తాళం తీశారు. "కుడికాలు ముందు పెట్టమ్మా" అంది మాణిక్యాంబ. అన్నాళ్ళుగా మూసి ఉన్న ఆ గచ్చు మీద అందరికంటే ముందు పడింది కొత్తకోడలి పాదం.

చీకటి పడకముందే గోకుడు మొదలైంది. భానురేఖ కాళ్ళకు ఆ పొద్దున పెట్టిన పారాణి ఇంకా ఆరలేదేమో అన్నంత ఎర్రగా ఉంది. ఆ ఎరుపు పైన, మడమల దగ్గర, ఇంకా ఎర్రటి దద్దుర్లు. ఆమె చెప్పలేదు. అత్తవారింట్లో మొదటిరోజు ఎవరు చెబుతారు? కానీ మర్నాటికి అందరూ గోక్కుంటున్నారు. చాప విదిలిస్తే ఏవో గోధుమరంగు నలుసులు చటుక్కున ఎగిరి మాయమయ్యేవి.

"పేలు," అంది సుబ్బాయమ్మ.

ఆ ఊళ్ళో కుట్టే ప్రతి చిన్న పురుగుకూ అదే పేరు. కోడిపేను, కుక్కపేను, బట్టపేను, అన్నీ పేలే. పేరు ఒక్కటే గనక పురుగూ ఒక్కటే అనుకున్నారు. తలలో ఉండే పేను జుట్టు వదిలి మడమ దాకా దిగొచ్చి ఎందుకు కుడుతుందని ఎవరూ అడగలేదు. పేను ఎగరదు కదా అని కూడా ఎవరికీ తోచలేదు. పేరు పెట్టేశాక మనుషులు ఇక ప్రశ్నలు అడగరు.

ఆ రోజు మధ్యాహ్నం సారె చూడడానికి వీధిలో ఆడవాళ్ళంతా వచ్చారు. పెట్టె తెరిచారు. చీరలు ఒక్కొక్కటీ చేతులు మారుతున్నాయి. ఊదారంగు పట్టుచీర వంతు వచ్చింది. సుబ్బాయమ్మ అంచు చూద్దామని మడత విప్పింది. నేను జారి గచ్చు మీద పడ్డాను, టక్కుమని.

చేతులు మారుతున్న చీరలు ఆగిపోయాయి.

"ఇదేవిటి మాణిక్యం?" సుబ్బాయమ్మ వంగి చూసింది, ముట్టుకోలేదు. "ఓసి దీని సారె బంగారంగానూ! పేలదువ్వెన! నిన్నటినుంచి కాళ్ళు పీకేసుకుంటున్నాను, ఎక్కడివా ఇవి అని. సారెలో వచ్చాయన్నమాట!"

నవ్వులు. భానురేఖ నన్ను అందుకోబోయింది. "లేదండీ, అది... మా అమ్మ ఎప్పటికైనా పనికొస్తుందని..."

"పనికి రావడమేంటమ్మా, వచ్చేసిందిగా పని! పాదం పెట్టిందో లేదో ఇల్లంతా పేలు లేచాయి. ఇదేం పాదమో!"

అందరి చూపూ మాణిక్యాంబ వైపు తిరిగింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆ క్షణంలో ఒక్క మాట అంటే చాలు. ఆవిడ అనలేదు. ఒక కాగితం ముక్కతో నన్ను పట్టుకుని కిటికీ మీద పెట్టి, "కాఫీ చల్లారిపోతోంది, తీసుకోండి వదినా" అంది. భానురేఖకు సుబ్బాయమ్మ మాట కంటే ఆ ఊరుకోవడమే ఎక్కువ తగిలింది. కిటికీ మీదనుంచి నేను చూశాను. ఆమె చీరలు తిరిగి మడతపెట్టింది, ఊదారంగు చీరను అన్నిటికీ అడుగున.

ఆ తరువాత ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. మర్యాదగానే చూశారు. "నీ తువ్వాలు వేరే తీగ మీద ఆరేసుకో అమ్మా" అని ఒకసారి. "దేవుడి గది నేను చూసుకుంటాలే" అని ఇంకోసారి. మందు తెచ్చి తలంటించారు, మళ్ళీ తలంటించారు. కుట్టడం మాత్రం ఆగలేదు. భానురేఖ ఇంట్లో మునివేళ్ళ మీద నడవడం మొదలుపెట్టింది. వంటింట్లోకి వెళ్ళాలంటే గోడ పక్కనుంచి వెళ్ళేది, గచ్చు మీద తన బరువు పడితే తప్పన్నట్టు.

శేషు ఒకరోజు పొద్దున్నే నన్ను కిటికీ మీదనుంచి తీసుకుని ఆమెను వెలుతురులో కూర్చోబెట్టాడు.

"ఏవండీ, మీరు చూడడమేంటి, ఎవరైనా చూస్తే!"

"లాబ్‌లో పొద్దస్తమానం చూసేది అదే. అనుమానం ఉంటే పరీక్ష చేయాలి." అతను నన్ను ఎలా పట్టుకోవాలో తెలియక తలకిందులుగా పట్టుకున్నాడు. పాయ పాయా దువ్వాడు. చివరికి గంభీరంగా, "దొరికింది" అన్నాడు.

ఆమె చటుక్కున వెనక్కి తిరిగింది. "ఏది?"

"మల్లెరేకు. వాడిపోయింది గానీ ఇంకా వాసనుంది."

ఆమె నవ్వి, నవ్వుతూనే ఏడ్చింది. "మీ సుబ్బాయమ్మత్తయ్య ఏమన్నారో విన్నారా? ఆషాఢానికి ఎలాగూ పుట్టింటికి పంపాలి కదా, నాలుగురోజులు ముందే పంపేస్తే తల బాగుచేయించుకుని వస్తుంది అన్నారు. మీ అమ్మగారూ సరేనన్నారు."

"అమ్మ అలా..."

"ఆషాఢానికి వెళ్తే ఆచారం అంటారండీ. పారాణి ఆరకముందే పేలు పట్టాయని పంపేస్తే మా అమ్మ వీధిలో తలెత్తుకోలేదు. బడిలో పిల్లల తలలు దువ్వే మనిషి ఆవిడ. ఈ మాట వింటే తట్టుకోలేదు."

శేషు నన్ను చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు. అతనికి ఆమె తలలో ఏమీ లేదని తెలుసు. కానీ లేనిదాన్ని పదిమందికి చూపించడం ఎలా?

అప్పుడే బెల్లం వచ్చి గుమ్మంలో కూర్చుని వెనక్కాలితో మెడ టపటపా గోక్కుంది. ఆగింది. తోక మొదట్లో పళ్ళతో కొరుక్కుంది. మళ్ళీ గోక్కుంది. భానురేఖ దానివైపు చూసింది. తరువాత నావైపు చూసింది.

"దాన్ని పట్టుకోండి," అంది.

పిల్లిబొచ్చు ఎలా ఉంటుందో నాకు ఆరోజే తెలిసింది. మనిషి జుట్టు కంటే మెత్తన, మొదట్లో దట్టం. మెడ దగ్గర మొదలుపెట్టి తోక దాకా ఒక్క దువ్వు. నా పళ్ళ మధ్య రెండు పురుగులు, గోధుమరంగువి, పక్కలనుంచి నొక్కినట్టు పల్చగా. ఒకటి చటుక్కున ఎగిరి శేషు చొక్కా మీద పడింది. వాటితోబాటు మిరియాలపొడిలాంటి నల్లటి నలుసులు. భానురేఖ వాటిని తడిగుడ్డ మీద రాల్చింది. నలుపు కరిగి చుట్టూ ఎర్రగా పాకింది. రక్తం. ఆ పురుగులు తాగి విసర్జించిన పిల్లి రక్తం.

ఆమె ఆ గుడ్డ పట్టుకుని పరుగున వెళ్ళి అత్తగారికి చూపించింది. మాణిక్యాంబ చాలాసేపు చూసింది. "అయ్యో నా తల్లీ" అని పిల్లిని ఎత్తుకుంది. ఏదో అనబోయింది. కానీ పక్కనే సుబ్బాయమ్మ ఉంది.

"ఇంకేం, పిల్లికి కూడా అంటించిందన్నమాట! పాపం నోరులేని జీవం. మా కుక్క టైగర్‌కి వేసే పొడి ఉంది, పంపిస్తాను. ఒక్క డబ్బా చల్లితే ఒక్కటి మిగలదు."

డబ్బా వచ్చింది. భానురేఖ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "అత్తయ్యా, దీని మీద కుక్కబొమ్మ ఒక్కటే ఉంది. పిల్లికి వేయొచ్చో లేదో అడిగి వేద్దామా?"

"అగ్గిపెట్టె మీద గుర్రంబొమ్మ ఉంటే గుర్రాలకే వాడతామా?" అంది సుబ్బాయమ్మ. "చదువుకున్నవాళ్ళతో ఇదే గొడవ."

మాణిక్యాంబ కోడలి చేతిలోంచి డబ్బా తీసుకుంది. విసురుగా కాదు, మెల్లగానే. బెల్లం వీపు నిండా పొడి చల్లి, వేళ్ళతో బొచ్చులోకి రుద్దింది, ప్రేమగా.

సుబ్బాయమ్మ వెళ్ళిపోయింది. భోజనాలయ్యేసరికి పిల్లి నడక తడబడింది. చెవులు, మీసాలు అదురుతున్నాయి. కాసేపటికి ఒళ్ళంతా వణుకు పట్టుకుంది, నోటినుంచి చొంగ కారుతోంది. మాణిక్యాంబ "బెల్లం, బెల్లం" అని పిలుస్తూనే ఉంది. ఆవిడకు చేతులు ఆడలేదు. శేషు కాలేజీకి వెళ్ళాడు. భానురేఖ తన తువ్వాలులో పిల్లిని చుట్టింది. పురుగులు ఇంకా అంటుకుని ఉన్న నన్ను తడికాగితంలో పొట్లం కట్టింది, డబ్బా కూడా సంచిలో వేసుకుంది. "పదండత్తయ్యా" అని అత్తగారి చెయ్యి పట్టుకుని బయల్దేరదీసింది. ఆటోలో పిల్లి ఆమె ఒళ్ళో ఉంది. అత్తగారు దారి పొడవునా ఒకటే మాట అంది. "నేనే కదే వేశాను. నా చేతుల్తోనే."

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ డబ్బా చూడగానే లేచింది. "కుక్కలకేసే ఈ మందు పిల్లికి విషం. ఎంతసేపైంది?" అడుగుతూనే పిల్లిని తొట్టెలో పెట్టింది. గోరువెచ్చని సబ్బునీళ్ళతో పొడి అంతా కడిగేసి, వెచ్చగా చుట్టి, వణుకు తగ్గడానికి సూది వేసింది. "ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు. ఇప్పుడు కూడా సాయంత్రం దాకా ఏమీ చెప్పలేను."

ఆ సాయంత్రం దాకా అత్తాకోడళ్ళు ఒకే బల్ల మీద కూర్చున్నారు. నేను డాక్టరమ్మ మేజా మీద, విప్పిన కాగితంలో. పొద్దు వాలేవేళకు బెల్లం వణుకు తగ్గింది. కళ్ళు తెరిచి మాణిక్యాంబ వేలిని నాకింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు డాక్టరమ్మ తీరిగ్గా నన్ను ఎత్తి కిటికీ వెలుతురులో చూసింది. "మంచి దువ్వెన. ఇలాంటివి ఇప్పుడు దొరకడం లేదు. ఇవి ఎవరు పట్టారు?"

"మా కోడలు. పిల్లకు తలలో పేలున్నాయని..." మాణిక్యాంబ ఆగిపోయింది.

"ఇవి పేలు కావమ్మా. ఇంగ్లీషులో ఫ్లీ అంటారు. మనవాళ్ళు పేను అంటారు, గోమారి అంటారు, ఎవరి నోటికొచ్చింది వాళ్ళు అంటారు. గెంతే పురుగు అనుకోండి. తల పేను వేరు, ఇది వేరు. ఇది మనిషి తలలో కాపురం పెట్టదు. పిల్లి మీద పుట్టి పెరుగుతుంది, ఆకలేస్తే మన కాళ్ళు కుడుతుంది. ఈమధ్య ఇల్లు మూసిపెట్టారా?"

"పెళ్ళికెళ్ళాం. మూడు వారాలు పైనే."

"అదీ సంగతి. పిల్లి మీద మీకు కనిపించేవి కొన్నే. గుడ్లన్నీ కింద రాలిపోతాయి, చాపల్లో, గచ్చు సందుల్లో. అక్కడే పెరిగి చిన్న గూడు కట్టుకుని అందులో కూర్చుంటాయి. ఇంట్లో మనిషి లేకపోతే లేవవు, అలాగే కాచుకుని ఉంటాయి. అలికిడి తగలాలి, అడుగు పడాలి. అప్పుడు అన్నీ ఒక్కసారే లేస్తాయి."

మాణిక్యాంబ గొంతు చాలా చిన్నదైపోయింది. "పాదం పెట్టగానేనా?"

"ఆఁ, పాదం పెట్టగానే. ఎవరి పాదమైనా సరే. తలుపు తీసి ఎవరు ముందు వెళ్తే వాళ్ళకే. మనవాళ్ళు కొత్తకోడల్నే కదా ముందు పంపిస్తారు?" డాక్టరమ్మ నవ్వుతూ అడిగింది. ఎవరూ నవ్వకపోవడం చూసి ఊరుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో అత్తగారే ముందు ఎక్కి పిల్లి కోసం చేతులు చాచింది. పిల్లి ఇప్పుడు ఆవిడ ఒళ్ళో ఉంది. కొంతదూరం వచ్చాక ఆవిడ కోడలి చీర కుచ్చెళ్ళు కాస్త పైకి జరిపి, మడమల మీద దద్దుర్లు చూసింది. పారాణి వెలిసిపోయింది. దద్దుర్లు పుండ్లయ్యాయి. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అని అడగబోయి, అడగలేదు. ఎందుకు చెప్పలేదో ఆవిడకు తెలుసు.

మర్నాటినుంచి ఆ ఇంట్లో యుద్ధం. డాక్టరమ్మ చెప్పినట్టే చేశారు. బెల్లం కోలుకున్నాక దాని మెడ వెనక, నాలుక అందనిచోట, పిల్లుల కోసమే చేసిన చుక్కలమందు వేశారు. దుప్పట్లు, గలేబులు, పడకకుర్చీ గుడ్డ మరిగే నీళ్ళలో ఉతికారు. చాపలు మిట్టమధ్యాహ్నపు ఎండలో దులిపారు. శేషు స్నేహితుడి దగ్గర వాక్యూమ్ క్లీనర్ అడిగి తెచ్చి మంచాల కిందా, గచ్చు సందుల్లోనూ పట్టించాడు. లాగిన దుమ్మంతా సంచిలో కట్టి ఏరోజుకారోజు ఊరి చెత్తబండిలో వేసి వచ్చేవాడు. నా పని పొద్దునా సాయంత్రం. మెడనుంచి తోకకు దువ్వడం, సబ్బునీళ్ళ గిన్నెలో మునగడం. ఆ నీళ్ళలో పడ్డది మళ్ళీ ఎగరదు. బెల్లం మొదట నన్ను చూస్తే మంచం కిందికి దూరేది. తరువాత తనే వచ్చి మెడ చాచేది.

అంతా చేశాక కూడా ఒకరోజు మళ్ళీ కుట్టడం మొదలైంది. కొత్త దద్దుర్లు. భానురేఖ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. ఆమె ముఖంలో భయం నాకు కనిపించింది. ఇక పెట్టె సర్దుకోమంటారు, అంతే. ఆమె మళ్ళీ మునివేళ్ళ మీదికి లేచింది, గోడవైపు జరిగింది.

మాణిక్యాంబ చీపురు పక్కన పెట్టింది. "ఎందుకే అలా నడుస్తావు?"

"మళ్ళీ లేస్తున్నాయత్తయ్యా..."

"లేవనీ. డాక్టరమ్మ చెప్పింది విన్లేదా? గూళ్ళలో మిగిలినవి విడతలు విడతలుగా లేస్తాయని. లేస్తేనే కదా చచ్చేది! లేవకపోతే ఎన్నాళ్ళని దాక్కుంటాయి మన కింద?" ఆవిడ వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది. "నడువు. గోడ పక్కనుంచి కాదు, నట్టింట్లోంచి నడువు. గట్టిగా నడువు. దేవుడి గదిలోకి కూడా."

భానురేఖ కదల్లేదు. అప్పుడు ఆ పెద్దావిడ తనే ముందు నడిచింది, ధన్ ధన్‌మని, కోడల్ని చేత్తో లాక్కుంటూ. నట్టిల్లు, మూలగది, దేవుడి గది, మళ్ళీ నట్టిల్లు. శేషు తలుపు దగ్గర నిలబడి, "ఇదేం నోమమ్మా?" అన్నాడు. "నోరుమూసుకుని నువ్వూ నడవరా" అంది తల్లి. ముగ్గురూ నడిచారు. వెనకాల ఏం జరుగుతోందో అర్థంకాక బెల్లం తోకెత్తి నడిచింది. క్షమించమని ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఆ ఇళ్ళల్లో అలా అడగరు. పోటీలు పడి కాళ్ళు గోక్కుంటూ నవ్వారు, అంతే.

భానురేఖ ఆషాఢంలోనే పుట్టింటికి వెళ్ళింది, ఒక్కరోజు కూడా ముందుగా కాదు. నేను వెళ్ళలేదు. మాణిక్యాంబ ఇవ్వలేదు. శ్రావణంలో ఆమె తిరిగొచ్చేసరికి ఇంట్లో గోకుడు పూర్తిగా ఆగిపోయింది. గచ్చు సందులన్నీ సిమెంటుతో పూడ్పించారు.

శ్రావణ శుక్రవారం పేరంటానికి మళ్ళీ ఆడవాళ్ళంతా వచ్చారు. సుబ్బాయమ్మ వస్తూనే నన్ను చూసింది. చూడక తప్పదు, నన్ను ఇప్పుడు నట్టింటి కిటికీలో, అందరి కంటా పడేచోట పెడుతున్నారు.

"ఇదింకా పారెయ్యలేదా మాణిక్యం? కోడలు సారెలో తెచ్చిన పేలదువ్వెన!"

మాణిక్యాంబ తాంబూలం పళ్ళెం కింద పెట్టింది. వచ్చి నన్ను చేతిలోకి తీసుకుంది. కాగితంతో కాదు, చేత్తోనే.

"నాది వదినా ఇది. మా బెల్లానికి వాడతాను."

"ఓహో. పేలు తెచ్చిందెవరో మర్చిపోయావేమో."

"పేలు కావవి. ఏవైతేనేం, అవి మా ఇంట్లోవే, ఆ పిల్ల రాకముందునుంచీ ఉన్నవే. నా పిల్లివి, నా గచ్చువి. నా కోడలి పాదం పడ్డాకే బయటపడ్డాయి. లేకపోతే ఇంకా మా కిందే ఉండేవి." ఆవిడ నన్ను గుప్పిట్లో గట్టిగా పట్టుకుంది. "ఆరోజు నలుగుర్లో చెప్పాల్సింది. ఈరోజు చెబుతున్నాను. దాని పాదం మంచిది."

పేరంటాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సుబ్బాయమ్మ తాంబూలం అందుకుని, "అయితే ఆ డాక్టరమ్మ ఎక్కడుంటుందో చెప్పు. మా టైగర్ ఒకటే గోక్కుంటున్నాడు" అంది. అంతకంటే ఎక్కువ ఆవిడనుంచి ఎవరూ ఆశించలేదు.

ఇప్పుడు నాకు చాలా వయసు. రెండు మూడు పళ్ళు ఊడిపోయాయి. పిల్లిబొచ్చులో తిరిగినదాన్ని, ఇక మనిషి తలకు పనికిరాను. పుట్టబోయే మనవళ్ళకు పైడమ్మ ఇంకో దువ్వెన వెతుక్కోవాలి. అందుకు నాకేమీ చింత లేదు. నా బతుకంతా నేను చేసింది ఒక్కటే, ఉన్నదాన్ని ఉన్నచోటునుంచి బయటికి లాగి చూపించడం. చూపించాక దాన్ని ఎవరి నెత్తిన రుద్దాలో మనుషులే నిర్ణయించుకుంటారు. తప్పుగా రుద్దడమే ఎక్కువ చూశాను. దిద్దుకోవడం ఒకసారి చూశాను.

పేరంటాళ్ళు వెళ్ళిపోయారు. బెల్లం కిటికీ కింద ఎండపొడలో కూర్చుని మెడ చాచింది. మాణిక్యాంబ నన్ను పట్టుకుని దాని పక్కన చతికిలబడి, "భానూ, సబ్బునీళ్ళు పట్రా!" అని కేకేసింది.

పెరట్లోంచి భానురేఖ గిన్నె పట్టుకుని వచ్చింది, నట్టింట్లోంచి, నిండు పాదాల మీద. ఆ అడుగులకు గచ్చు మీద ఏదీ లేవలేదు.